నాన్న వదిలి వెళ్లిన నాలుగు గొడవలు, ఒకే లా ఫర్మ్: మా రెండున్నరేళ్ల అనుభవం

నాన్న 2022లో పోయారు. వీలునామా లేదు. ఆల్వాల్‌లో కింద షాపు పైన ఇల్లు, సిద్దిపేట వైపు ఊళ్లో తాతగారి నాటి రెండెకరాల చిల్లర పొలం, బాచుపల్లిలో 2018లో బుక్ చేసి డబ్బు చాలావరకు కట్టేసిన ఫ్లాట్, పెదనాన్న కొడుక్కి చేబదులుగా ఇచ్చిన ఎనిమిది లక్షలు, ఇవీ మిగిలినవి. షాపులో ఉన్నాయన ఖాళీ చేయడు, బిల్డర్ ఫోన్ ఎత్తడు, పెదనాన్న కొడుకు మా అమ్మ పేరున ఇచ్చిన చెక్కు బౌన్స్ అయింది, పొలం మాట ఎత్తితే పెళ్లయి పాతికేళ్లయిన ఆడపిల్లకి పొలంలో వాటా ఏంటని బంధువులు. అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. ఇక్కడ నేనూ అమ్మా.

మొదటి ఆర్నెల్లు ఒక్కో గొడవకి ఒక్కో లాయర్ దగ్గరికి తిరిగాం. చెక్కు కేసుకి ఒకరు, షాపుకి ఒకరు. ప్రతిచోటా మొదటినుంచి చెప్పుకోవడం, అవే జిరాక్సులు మళ్లీ ఇవ్వడం. ఒకాయన చెప్పింది ఇంకొకాయన తప్పంటాడు. అప్పుడు అన్నయ్య, అన్ని విభాగాలూ ఒకేచోట ఉండే ఫర్మ్‌కి వెళ్దామన్నాడు. జూబ్లీహిల్స్‌లో ఉన్న ఒకదానికి వెళ్లాం. పేరు రాయడం లేదు, ఎందుకంటే మంచీ చెడూ రెండూ చెప్పబోతున్నాను, పైగా మా కేసు ఒకటి ఇంకా నడుస్తోంది.

ముందు వాళ్ల వెబ్‌సైట్ సంగతి. సివిల్, క్రిమినల్, రియల్ ఎస్టేట్, ఫ్యామిలీ, కంపెనీ లా, ట్యాక్స్, దివాలా కేసులు అని వరసగా విభాగాలు, ఒక్కోదాని కింద ఐదారుగురి పేర్లు, చదువులు. అది చూసి అమ్మకి ధైర్యం వచ్చింది, నాకూ వచ్చింది. తర్వాత తెలిసింది ఏంటంటే మన దేశంలో లాయర్లు ప్రకటనలు చేసుకోకూడదు, లాయర్ల మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ నియమాల్లో 36వ రూల్ అది. 2008లో దాన్ని కాస్త సడలించి పేరు, చిరునామా, చదువు, ఏ రకం కేసులు చూస్తారు లాంటి వివరాలు మాత్రం వెబ్‌సైట్‌లో పెట్టుకోనిచ్చారు. అందుకే ఏ ఫర్మ్ పేజీ చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక పేరు మూడు విభాగాల కింద కనిపిస్తే ఆయన నిజంగా ఏ కోర్టులో రోజూ నిలబడతారో ఆ పేజీ చెప్పదు. అది మనమే అడగాలి. మేం అడగలేదు, ఫలితం కింద చెప్తాను.

మొదటి రోజు నాకు కోపం వచ్చింది. కూర్చోగానే మా గోడు వినకుండా బిల్డర్ కంపెనీ పేరేంటి, అద్దెకున్నాయన పేరేంటి, పెదనాన్న కొడుకు ఏం వ్యాపారం చేస్తాడు అని అడిగి, ఒకమ్మాయి ఆ పేర్లు పట్టుకుని లోపలికి వెళ్లింది. పావుగంట తర్వాత తిరిగొచ్చి, వీళ్లెవరూ మా క్లయింట్లు కారు, ఇప్పుడు చెప్పండమ్మా అంది. పెద్ద ఫర్మ్‌లో ఇది తప్పనిసరి అట. రియల్ ఎస్టేట్ విభాగం వాళ్లు అదే బిల్డర్‌కి అగ్రిమెంట్లు రాసిపెడుతూ ఉంటే, పక్క గదిలో సివిల్ వాళ్లు మా తరఫున అతని మీద కేసు వేయడం కుదరదు. అంతకు ముందు నెల ఇంకో ఫర్మ్‌కి ఫోన్ చేస్తే బిల్డర్ పేరు వినగానే మేం తీసుకోలేమండీ అని పెట్టేశారు. అప్పుడు పొగరనుకున్నాను గానీ, అన్నీ విన్నాక వద్దనడం కంటే అదే నయం.

చెక్కు విషయంలో మాత్రం వాళ్లకి నూటికి నూరు మార్కులు వేస్తాను. చెక్కు బౌన్స్ అయిందని బ్యాంకు చెప్పిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ తర్వాత నెల లోపు కోర్టులో ఫిర్యాదు వేయాలి. చెక్కు బౌన్స్‌కి పెట్టే 138 సెక్షన్ కేసు నిలబడాలంటే ఈ గడువులే ప్రాణం. మా పాత లాయరు వచ్చే వారం పంపిద్దాం, వచ్చే వారం పంపిద్దాం అంటూనే ఆ 30 రోజులూ దాటించేశాడు. ఇక డబ్బు పోయినట్టే అనుకుని అమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఈ ఫర్మ్‌లో క్రిమినల్ వైపు చూసే లాయరమ్మాయి, ముప్పై ఏళ్లు కూడా ఉండవేమో, చెక్కు జిరాక్స్ చూసి ఒకే ప్రశ్న అడిగింది, చెక్కు మీద తేదీ ఎంత అని. జనవరి 4. మేం వెళ్లింది మార్చి 13న. చెక్కు మూడు నెలలు చెల్లుతుంది కాబట్టి ఇంకా మూడు వారాలుంది, రేపే మళ్లీ బ్యాంకులో వేయండి, మళ్లీ బౌన్స్ అయితే గడువు కొత్తగా మొదలవుతుంది అంది. అలాగే వేశాం, మళ్లీ బౌన్స్ అయింది, వారంలోపే రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వెళ్లింది. పెదనాన్న కొడుకు కోర్టు దాకా రానివ్వలేదు, రెండు విడతల్లో మొత్తం కట్టేశాడు. ఆ అమ్మాయి పుణ్యమా అని ఆ ఎనిమిది లక్షలూ వచ్చాయి. పాత లాయర్ దగ్గర కాగితాలు తెచ్చుకోవడానికి కూడా ఇబ్బంది పడ్డాం, ఫీజు బాకీ ఉంది ఇవ్వను అన్నాడు. ఫీజు బాకీ ఉన్నా క్లయింట్ కేసు కాగితాలు లాయరు ఆపుకోకూడదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పిందని ఈ అమ్మాయే చెప్పింది. అదే మాట ఆయనతో అంటే మర్నాడే కట్ట మొత్తం ఇచ్చేశాడు.

పంపకాలు చూసిన మేడమ్ గురించి కూడా చెప్పాలి. అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని తెల్లకాగితం మీద గీతలు గీసి తెలుగులో చెప్పారు. ఇల్లు నాన్న స్వార్జితం కాబట్టి అమ్మకి, అన్నయ్యకి, నాకు మూడు సమాన భాగాలు. తాతగారి పొలం లెక్క వేరు, అందులో అన్నయ్యకి ఎలా పుట్టుకతో హక్కుందో నాకూ అలాగే ఉంది. మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లోనే చట్టం తెచ్చి 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చేలా ఆడపిల్లకి ఆ హక్కు ఇచ్చింది, కాకపోతే ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. 2005లో హిందూ వారసత్వ చట్టానికి కేంద్రం చేసిన సవరణతో ఆ తేడా కూడా పోయింది. అది అమల్లోకి వచ్చేనాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. నా పెళ్లి 1998లో అయింది, కాబట్టి మా బంధువుల మాటకి ఏ వైపు నుంచీ ఆధారం లేదు. ఇదంతా విన్నాక అమ్మ, అయితే నీ వాటా ఎవరూ కాదనలేరన్నమాట అని నా చెయ్యి పట్టుకుంది. అన్నయ్య ఎప్పుడూ కాదనలేదు లెండి, పేచీ అంతా బయటివాళ్లదే.

అన్నయ్య రాలేడు కాబట్టి హ్యూస్టన్ కాన్సులేట్‌లో తన తరఫున ఇక్కడ సంతకాలు పెట్టేందుకు జీపీఏ (అధికార పత్రం) చేయించి పంపాడు. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంపు డ్యూటీ కట్టించాలని ఫర్మ్ వాళ్లే గుర్తు పెట్టుకుని రెండుసార్లు ఫోన్ చేశారు. విదేశాల్లో పిల్లలున్నవాళ్లు ఇది రాసి పెట్టుకోండి. పార్టిషన్ డీడ్ (పంపకాల దస్తావేజు) ఒక్క తప్పు లేకుండా రాశారు, రిజిస్ట్రేషన్ రోజు కూడా ఒకరు తోడు వచ్చారు.

బిల్డర్ మీద రెరాలో (బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వేసిన కేసూ బాగా నడిపారు. ఫ్లాట్ ఇంకా కావాలా, డబ్బు వెనక్కి కావాలా ముందు తేల్చుకోమన్నారు. రెరా చట్టం 18వ సెక్షన్ ప్రకారం ఉంటామంటే ఆలస్యమైన ప్రతి నెలకీ వడ్డీ, వద్దంటే కట్టిందంతా వడ్డీతో వాపసు. అమ్మకి ఇక ఆ ఫ్లాట్ మీద మనసు లేదు. వడ్డీ ఎస్‌బీఐ ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు అప్పులకి ఆధారంగా తీసుకునే కనీస వడ్డీ రేటు) మీద ఇంకో రెండు శాతం. నష్టపరిహారం కావాలంటే అది వేరే అధికారి దగ్గర వేరే ఫిర్యాదు అని కూడా ముందే చెప్పారు, మేం అది వేయలేదు. ఆర్డర్ మాకే అనుకూలంగా వచ్చింది. ఒక్కటే లోటు, ఆర్డర్ వచ్చినంత మాత్రాన డబ్బు రాదని ఎవరూ చెప్పలేదు. బిల్డర్ కట్టకపోతే భూమి శిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా వసూలు చేయించుకోవాలి, దానికి మళ్లీ తిరగాలి, దానికి మళ్లీ ఫీజు. మొదటి రోజే చెప్పి ఉంటే అమ్మ అంత ఆశ పెట్టుకునేది కాదు. సగం డబ్బు వచ్చింది, మిగతా సగం రావాలి.

ఇక షాపు కేసు. నెలవారీ అద్దె కాబట్టి 15 రోజుల నోటీసు ఇచ్చి మల్కాజిగిరి కోర్టులో ఖాళీ చేయించమని దావా వేశారు. నోటీసు బాగుంది, దావా బాగుంది, ఆ తర్వాతే గాడి తప్పింది. మాతో గంటసేపు మాట్లాడి, నేను చూసుకుంటానమ్మా అన్న పార్ట్‌నర్ సార్ ఒక్క వాయిదాకీ రాలేదు. జూనియర్లు ఏడాదిలో ముగ్గురు మారారు. ఒకరు ఉద్యోగం మానేశారు, ఒకరిని వేరే విభాగానికి పంపారు, మూడో అబ్బాయికి మా ఫైలు చదివే టైమే దొరకలేదు. ఒక వాయిదాకి మా చీఫ్ అఫిడవిట్ (మా వైపు సాక్ష్యం రాసిన ప్రమాణపత్రం) దాఖలు చేయలేదు, జడ్జిగారు మా మీదే ఖర్చులు వేసి వాయిదా ఇచ్చారు. డెబ్బై దాటిన అమ్మ ఆ రోజు ఉదయం పదిన్నర నుంచి కోర్టు వరండాలో బెంచీ మీద కూర్చుంది, మా నంబర్ పిలిచినప్పుడు మా తరఫున పలికిన మాట ఒక్కటే, టైమ్ కావాలని. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నేను వెళ్లి పార్ట్‌నర్‌తో గట్టిగానే మాట్లాడాను. ఆయన తప్పు ఒప్పుకున్నారు, ఆ వాయిదా ఫీజు తీసుకోలేదు, మల్కాజిగిరిలోనే ఇరవై ఏళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్న ఒక లాయర్‌గారిని వకాలత్‌లో (మా తరఫున వాదించే అధికారం లాయర్లకి ఇచ్చే కాగితం) చేర్చారు. ఆయన వచ్చాక రెండు వాయిదాల్లో చీఫ్ అయిపోయింది. వెబ్‌సైట్‌లో ఆయన పేరు లేదు. వకాలత్ మీద సంతకం పెట్టేటప్పుడు అందులో అచ్చేసిన ఐదు పేర్లలో మన కోర్టుకి వచ్చేది ఎవరు, ఆయన రాకపోతే ఎవరొస్తారు అని అక్కడే అడగండి, ఆ జవాబు ఈమెయిల్‌లో రాయించుకోండి. లాయర్ సేవ బాగాలేదని వినియోగదారుల కమిషన్‌కి వెళ్లే దారి 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పుతో మూసుకుపోయింది. వృత్తిపరమైన తప్పు జరిగితే బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేసుకోవచ్చు, దానికైనా చేతిలో కాగితం ఉండాలి.

డబ్బు గురించి. మొదటిసారి గంట మాట్లాడినందుకు ఐదు వేలు. తర్వాత ఒక్కో కేసుకి దశలవారీగా ఇంత అని రాసిచ్చారు, అది నాకు నచ్చింది. గెలిచాక వచ్చినదాంట్లో పది శాతం ఇవ్వండి చాలు అని బయట ఒకాయన అడిగాడు, అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఫర్మ్ మొదటి బిల్లులో జీఎస్టీ వేశారు, వ్యాపారం చేయని మామూలు మనుషులకి లాయర్ ఫీజు మీద జీఎస్టీ లేదు కదా అని అన్నయ్య మెయిల్ పెడితే తీసేశారు. ఇతర ఖర్చులు అని వేసిన మొత్తానికి మాత్రం వివరాలు అడిగితే గానీ ఇవ్వరు. మెయిళ్లన్నీ ఇంగ్లీషులోనే వస్తాయి, అమ్మ ప్రతిదీ నాతో చదివించుకోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి మాకు చాలా ఆలస్యంగా తెలిసింది, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లెవరికైనా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. ఫీజు కట్టలేక ఆగిపోయినవాళ్లుంటే ముందు అక్కడ అడగండి.

మా లాగా ఇల్లు, పొలం, బిల్డర్, బాకీ ఒకదానికొకటి ముడిపడి ఉంటే ఇలాంటి ఫర్మ్‌కి వెళ్లమనే చెప్తాను. ఒకరి దగ్గర ఇచ్చిన డెత్ సర్టిఫికెట్, లింకు డాక్యుమెంట్లు, ఈసీలు (ఆస్తి మీద జరిగిన లావాదేవీల వివరాల పత్రాలు) మిగతా ముగ్గురికీ అందాయి, చెక్కు చూసిన అమ్మాయే పంపకాల మేడమ్‌కి మమ్మల్ని పరిచయం చేసింది. అదే ఒక్క షాపు ఖాళీ చేయించే గొడవే ఉంటే జూబ్లీహిల్స్ దాకా వెళ్లేదాన్ని కాదు, కేసు పడే కోర్టు దగ్గర రోజూ కనిపించే లాయర్‌నే పట్టుకునేదాన్ని.

ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. చెక్కు, పంపకాలకే అయితే ఐదూ ఇచ్చేదాన్ని. షాపు కేసులో వచ్చే నెల అమ్మకి క్రాస్ (అవతలి లాయర్ ప్రశ్నలు అడగడం) ఉంది, మల్కాజిగిరి లాయర్‌గారు నిన్న ఇంటికే వచ్చి, ఏం అడుగుతారో అమ్మకి ఒక్కొక్కటే చెప్పి వెళ్లారు.