ప్రీమియర్ పద్మినికి షెడ్డులో వేయించిన రంగు: ఏళ్ల వాడకం తర్వాత

ముందుగా మార్కులు చెప్పేస్తాను. మా 1982 నాటి ప్రీమియర్ పద్మిని కారుకు విశాఖపట్నంలో ఒక మామూలు షెడ్డులో వేయించిన మీగడ రంగుకు పదికి ఏడు. బండి ఇంటికి వచ్చిన వారంలో అడిగి ఉంటే ఐదుకు మించి వేసేవాణ్ని కాదు. అప్పుడు కంటికి గుచ్చుకున్న లోపాలు చాలావరకు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఎండలో, వానలో, సముద్రపు గాలిలో ఇన్నేళ్లు తిప్పాక చూస్తే వాటిలో ఏదీ బండికి చేటు చేయలేదు. చేటు చేసింది మొదటి రోజు ఎవరి కంటికీ కనిపించనిది.

రంగు ఎంపిక సంగతి. షెడ్లలో ఇప్పటికీ రెండు రకాల మాట వినిపిస్తుంది. ఒకటి ఎన్‌సీ, పాత మేస్త్రీల నోట డ్యూకో. 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఈ నైట్రోసెల్యులోజ్ రంగు తెచ్చాకే కారుకు రంగు వేయడం వారాల పని నుంచి గంటల పనికి దిగింది. రంగును పలచన చేసే థిన్నర్ ఎగిరిపోగానే ఆరిపోతుంది కాబట్టి దుమ్ము అంటుకునే వ్యవధి ఉండదు. అయితే మెరుపు దానంతట అది రాదు, చేత్తో పాలిష్ పట్టి తేవాలి. పెట్రోలు ఒలికితే మరక పడుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు కొడితే తెల్లగా పాలిపోతుంది. సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఈ చివరి మాట ఒక్కటి చాలు. రెండోది టూకే పీయూ, అంటే గట్టిపరిచే మందు (హార్డెనర్) కలిపి కొట్టే పాలీయూరిథేన్ రంగు. గట్టిగా ఉంటుంది, పెట్రోలుకు లొంగదు, స్ప్రే గన్ను నుంచి వచ్చిన మెరుపే నిలుస్తుంది. కాకపోతే తీరిగ్గా ఆరుతుంది, ఆ లోపు గాలిలో తిరిగేవన్నీ వచ్చి దాని మీద వాలతాయి. నేను పీయూ వేయించాను, పైన క్లియర్ కోటు (రంగు లేని పారదర్శక పూత) లేకుండా.

వేడి గాలి పెట్టి ఆరబెట్టే బూత్‌లో చెప్పిన ధర షెడ్డు ధరకు దాదాపు మూడింతలు. షెడ్డు మేస్త్రి మాత్రం డబ్బు ఊసెత్తకముందే, "సార్, ఇది రోజూ తిప్పే బండా, ఆదివారం తుడుచుకునే బండా? అది ముందు చెప్పండి" అని అడిగాడు. తిప్పే బండే అన్నాను. వానలు పూర్తిగా వెనక్కి తగ్గేదాకా ఆగుదామన్నాడు. ఆ రోజు వచ్చాక నేలంతా నీళ్లు చల్లి, తెల్లవారుజామున గాలి లేచేలోపు పని కానిచ్చాడు.

అయినా ఏమేం మిగిలాయో చూడండి. ఎడమ తలుపుల కింది భాగంలో తొక్క ఉంది. రంగు సమంగా పరచుకోకముందే చిక్కబడితే నారింజ తొక్క మీద ఉన్నట్టు చిన్న చిన్న గుంటలు పడతాయి. గన్ను ఎడంగా పట్టినా, థిన్నర్ త్వరగా ఎగిరిపోయినా అంతే. పద్మినికి వెనక చిన్న రెక్కలు ఉంటాయి కదా, ఎడమ రెక్క వంపు కింద ఒక జారుడు చుక్క గడ్డకట్టింది, గోటికి తగులుతుంది. టాపు మీద, సరిగ్గా డ్రైవరు నెత్తికి పైన, ఒక దోమ స్థిరనివాసం ఏర్పరచుకుంది. దేహం రుద్దుడులో పోయింది కానీ ఒక కాలు లోపలే ఉండిపోయింది. డిక్కీ మూత మిగతా బండి కంటే పిసరంత పసుపు, మొదట కలిపిన రంగు చాలక మర్నాడు మళ్లీ కలిపారు. ఇక కుడి వెనక మడ్‌గార్డు మీద సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు లప్పం పట్టిన హద్దు సన్నటి గీతగా బయటపడుతుంది. మధ్యాహ్నం ఎంత వెతికినా దొరకదు.

ఆ గీత షెడ్డులో చూసినప్పుడు లేదు. లప్పం, రంగు కింద వేసే ప్రైమర్ పూత లోపలి దాకా ఆరి కుంగడానికి నెలలు పడుతుంది. అందుకే డెలివరీ రోజు తీసిన ఫోటోలు చూసి ఏ షెడ్డు మంచిదో తేల్చుకోవద్దు. అక్కడ రంగు వేయించి ఒక వేసవి దాటిన బండిని చూపించమని అడగండి.

తొక్కను రుద్దించేయవచ్చు కదా అని చూసినవాళ్లందరూ అంటారు. రుద్దించవచ్చు. 1500, ఆ తర్వాత 2000 నంబరు వాటర్ పేపరుతో తడిమీద రుద్ది, కాంపౌండ్ పట్టి మెరిపిస్తే అద్దంలా వస్తుంది. కుడి తలుపులకు అలాగే చేయించాను, ఎడమ వైపు వద్దన్నాను. కార్లకు ఫ్యాక్టరీలో వేసే పూతలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటాయి, అంటే మిల్లీమీటరులో ఆరో వంతు కూడా కాదు. అందులో పై రంగు ఒక భాగమే. వాటర్ పేపరు తినేదంతా ఆ భాగంలోంచే పోవాలి. బల్లపరుపు చోట్ల నెమ్మదిగా తింటుంది కానీ అంచుల మీద, మడతల మీద చెయ్యి నాలుగుసార్లు ఆడేసరికి కింద ప్రైమర్ కనిపిస్తుంది. పైగా ఎండకు రంగు పాలిపోయిన ప్రతిసారీ పాలిష్ పట్టాలి, అది కూడా కాస్త కాస్త తీసుకుపోతుంది. మొదటి రోజే మందమంతా నునుపు కోసం ఖర్చు పెడితే తర్వాతి పాలిష్‌లకు మిగిలేది ఏమీ ఉండదు.

ఫలితం ఇప్పుడు బండి మీదే ఉంది. కుడి ముందు తలుపు మడత మీద బూడిద రంగు ప్రైమర్ తొంగి చూడడం మొదలైంది. తొక్క ఉన్న ఎడమ తలుపులు ఎక్కడా పలచబడలేదు. మెరుపులో కుడి వైపు గెలిచింది, మన్నికలో ఎడమ వైపు. రెండు పక్కలకూ వేరువేరుగా మార్కులు వేయమంటే ఎడమకే ఒకటి ఎక్కువ వేస్తాను.

అసలు పద్మిని ఎన్నడు అద్దంలా ఉందని? ఇటలీలో ఫియట్ 1100 డీగా పుట్టి, ముంబయి కుర్లా ఫ్యాక్టరీలో 1964 నుంచి తయారై, 1974లో పద్మిని పేరు పెట్టుకున్న సామాన్యుల కారు ఇది. డిక్కీలో స్టెప్నీ తీసి, మేస్త్రి చెయ్యి పడని మూలలో టార్చి వేసి చూశాను. ఫ్యాక్టరీ రంగు అక్కడ అలాగే ఉంది. నా ఎడమ తలుపుల కంటే ముతక తొక్క, ఒకచోట ఏకంగా జారిపోయి గడ్డకట్టిన ధార. ప్రదర్శనల కోసం ఇలాంటి కార్లకు కొత్త జర్మన్ కార్ల మీద ఉండేంత మెరుపు తెప్పించేవాళ్లను చూస్తే వాళ్ల ఓపికకు దండం పెడతాను, కానీ అది ఆ కారు ఎప్పుడూ కట్టని వేషం. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో కూడా ఉన్నదాన్ని కాపాడుకోవడానికే మొదటి పీట వేసింది. ఫియట్ సొంత ఊరు ట్యూరిన్ పేరున్న పత్రమది, పద్మిని యజమానులు కాస్త గర్వపడితే మన్నించాలి.

ఇక అసలు శత్రువు సంగతి. మూడో వర్షాకాలం తర్వాత డ్రైవరు వైపు తలుపు కింద, రన్నింగ్ బోర్డు (తలుపుల కింద పొడవునా ఉండే బాడీ రేకు) వెనక కొసన మినపగింజంత బుడగ లేచింది. చుట్టూ రంగు అద్భుతంగా ఉంది. తొక్క లేదు, చుక్క లేదు, బండి మొత్తంలో అంత నున్నటి జానెడు చోటు ఇంకోటి లేదు. స్క్రూడ్రైవరు మొనతో నొక్కితే లోపలికి దిగిపోయింది, చాక్లెట్ రంగు పొడి రాలింది. పద్మినికి విడిగా ఛాసిస్ లేదు, బాడీయే బండి బరువు మోస్తుంది. కాబట్టి అక్కడ తుప్పు అంటే అందం గొడవ కాదు, బలం గొడవ. రన్నింగ్ బోర్డు అడుగున నీళ్లు కారిపోయే రంధ్రాలను రంగు, లప్పం కలిసి పూడ్చేశాయి. లోపలికి దిగిన వాన నీరు ఆ కొసనే నిలిచేది.

బుడగ మీద రంగు పూస్తే అది మళ్లీ లేస్తుంది. తుప్పు పట్టిన మేర కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించి, ఎపాక్సీ ప్రైమర్ పట్టించి, లోపలి ఖాళీలోకి మైనం కొట్టించాను. పైన రంగు మాత్రం అతుకు తెలిసేలా ఉంది. దాన్ని కలిపేయడానికి పక్క పూర్తిగా మళ్లీ కొట్టాలన్నారు, వద్దన్నాను. అప్పటి నుంచి నా లెక్క మారిపోయింది. తొక్క, చుక్క, దోమ కాలు, రంగు తేడా ఎన్నేళ్లైనా అంతే ఉంటాయి. బుడగ, పగులు, ఊడే పెచ్చు పెరుగుతాయి. నా డబ్బు, నా దిగులు ఈ రెండో రకానికే.

వాడకంలో తెలిసిన మరికొన్ని. క్లియర్ కోటు లేని రంగుకు పాలిష్ పడితే గుడ్డకు మీగడ రంగు అంటుతుంది, కంగారు పడకండి. లేత రంగులు సొట్టల అలల్ని దాచిపెడతాయి, నలుపు ప్రతిదీ బయటపెడుతుంది. షెడ్డు పనికి నలుపు అడగవద్దు. గాలి ఆడని ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పట్టి రంగు పొంగుతుంది, దానికంటే పోర్టికో నీడ మేలు. రంగు మారుస్తుంటే ఆర్‌సీలో కూడా మార్పించుకోవాలి. మేస్త్రి ముక్కుకు చేతిరుమాలు కట్టుకుని పీయూ కొడుతుంటే ఆపండి. హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు పట్టి ఉబ్బసం తెస్తాయి, బయటి నుంచి గాలి అందించే మాస్కు కావాలి. రంగు డబ్బాకు అంత ఖర్చు పెట్టేవాళ్లం ఆ మాస్కు అద్దె కూడా పెట్టుకోగలం.

డిక్కీ మూత పసుపును అలాగే ఉంచేస్తున్నాను. కుడి తలుపు మడతకు మాత్రం వచ్చే జనవరిలో, తేమ తక్కువున్నప్పుడు, సన్నటి కుంచెతో టచప్ వేయిస్తాను. మీరూ షెడ్డు వదిలేముందు హార్డెనర్ కలపని రంగు పావు లీటరు మూత బిగించి తెచ్చుకోండి, డబ్బా మీద షేడ్ నంబరు, కలిపిన తేదీ రాయించుకోండి. హార్డెనర్ మాత్రం దాచవద్దు, డబ్బా తెరిచాక గాలిలోని తేమకే చెడిపోతుంది, అవసరమైనప్పుడు కొత్తది కొనుక్కోవాలి.