ఇంటి దగ్గర ఉపశమన వైద్యం: కోవిడ్ కాలంలో విశాఖ జ్ఞానాపురంలో వాడి చూశాక

2020 వేసవి చివరి నుంచి 2022 ఫిబ్రవరి వరకు మా నాన్నగారి కోసం మేము మూడు సేవలను కలిపి వాడాము. మొదటిది ఒక ఆసుపత్రికి అనుబంధంగా పనిచేసే ఉపశమన వైద్య బృందం. ఉపశమన వైద్యమంటే జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం. డాక్టరుగారు, సిస్టర్, ఒక సామాజిక కార్యకర్త ఇంటికే వచ్చి చూస్తారు. ఫీజు లేదు, ఇవ్వగలిగినవారు విరాళం ఇస్తారు. రెండవది ఇంట్లోనే ఉండి చూసుకునే అటెండెంటును నెల లెక్కన పంపే ప్రైవేటు హోమ్‌కేర్ సంస్థ. మూడవది మంచం, ఎయిర్ బెడ్, గాలి నుంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సన్‌ట్రేటర్ అద్దెకిచ్చే దుకాణం. సిబ్బంది మారితే సేవ తీరే మారిపోతుంది కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. మా డబ్బులో అధికభాగం రెండవదానికి పోయింది. ఆ ఇంట్లో మేము ధైర్యంగా ఉండగలిగింది మాత్రం మొదటిదాని వల్ల, అందులోనూ సిస్టర్ ఫోను వల్ల.

నాన్నగారు హిందుస్థాన్ షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసి రిటైరయ్యారు. 82వ ఏట ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకిందని తేలింది. దానికి తోడు ఏళ్ల తరబడి పీల్చిన పొగ, కాల్చిన బీడీలు మిగిల్చిన ఆయాసం ఉండనే ఉంది. విశాఖలో క్యాన్సర్ వైద్యానికి కొరత లేదు. 1923 నాటి కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) మా ఇంటికి దగ్గరే, అగనంపూడిలో టాటా మెమోరియల్ కేంద్రం ఆధ్వర్యంలోని హోమీ భాభా ఆసుపత్రి ఉంది, ప్రైవేటు ఆసుపత్రులు సరేసరి. అయితే వీటన్నింటికీ రోగే కదిలి వెళ్లాలి. నడుము ఎముకల నొప్పితో ఆటోలో పది నిమిషాలు కూర్చోలేని మనిషిని, కోవిడ్ ఎవరి దగ్గర ఉందో తెలియని ఓపీ వరుసలో గంటల తరబడి నిలబెట్టడానికి మాకు మనసు ఒప్పలేదు. రేడియేషన్ కోసం మాత్రం వెళ్లక తప్పలేదు. నొప్పి తగ్గించడానికి ఇచ్చే రేడియేషన్‌ను అనేక విడతలకు బదులు ఒకే విడతలో 8 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ కొలత) ఇచ్చినా నొప్పి దాదాపు అంతే తగ్గుతుందని ఉపశమన బృందం డాక్టరుగారే చెప్పి, ఆసుపత్రి వైద్యులతో మాట్లాడి, ఒక్క రోజుతో ముగిసేలా ఏర్పాటు చేశారు. ఇల్లు కదలలేని రోగికి ఎవరు ఏం చేస్తే మేలో ఆలోచించే మనిషి ఒకరు ఉండటం ఎంత అవసరమో మాకు అప్పుడే తెలిసింది.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. మత్తు పదార్థాల చట్టానికి (ఎన్‌డీపీఎస్) 2014లో చేసిన సవరణ తరువాత, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్‌ను నిల్వ ఉంచి రోగులకు ఇవ్వడం మునుపటికంటే సులువైంది; అయినా వీధి చివర మందుల షాపులో అది దొరకదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఫోను మీద, వీడియో మీద వైద్య సలహాకు దారి తెరిచాయి గాని, మత్తు పదార్థాల చట్టం కిందికి వచ్చే మందులను అలా రాయకూడదని నిషేధించాయి. అంటే వాంతికి, మలబద్ధకానికి మందు వీడియోలో మార్చవచ్చు, మార్ఫిన్‌కు మాత్రం డాక్టరు మనిషిని చూసి కాగితం మీద రాయాలి. మా బృందం ఆ సంగతి ముందే ఊహించి, కేసులు పెరుగుతున్నాయని వినగానే డాక్టరుగారి రాకను ముందుకు జరిపి, రెండు వారాలకిచ్చే మాత్రలను నెలకు సరిపడా ఇచ్చి, రాసుకోవడానికి ఒక నోటుపుస్తకం చేతిలో పెట్టింది. నాలుగు గంటలకొకసారి మాత్ర, రాత్రి పడుకునేటప్పుడు రెండింతలు, మధ్యలో నొప్పి లేస్తే అదనంగా ఒకటి, వీటన్నింటితో పాటు మొదటి రోజు నుంచే విరేచనానికి మందు. ఈ చివరిది మానితే మార్ఫిన్ వాడకమే మానుకోవలసి వస్తుందని సిస్టర్ పదేపదే చెప్పేవారు. మా బాబాయి ఫోను చేసి, "మత్తుమందుకు అలవాటు పడిపోతాడేమోనమ్మా" అని భయపడితే, ఆయనతో సిస్టరే మాట్లాడారు. నొప్పికి కొలిచి ఇచ్చే మందు వేరు, మత్తు కోసం వాడే మందు వేరు అని ఆమె చెప్పిన తీరు నేను చెప్పి ఉంటే ఆయన వినేవారు కాదు.

నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెలో చెప్పమని వారి పద్ధతి. "తాతగారూ, ఇవాళ నొప్పి పదికి ఎంతండీ?" అని సిస్టర్ అడిగితే నాన్నగారు, "రూపాయికి ఆరణాలమ్మా" అనేవారు. ఆయన కుర్రతనంలో లెక్కలన్నీ అణాల్లోనే. సిస్టర్ విసుక్కోకుండా పదహారుకు ఆరు అని రాసుకుని, తరువాత పదికి మార్చుకునేవారు. నోటుపుస్తకంలో పన్నెండణాలు దాటిన రోజు అదనపు మాత్ర, వరుసగా దాటితే ఫోను అని మా ఇంట్లో ఒక నియమం ఏర్పడింది. పెద్దవారిని తమ అంకెల్లోకి లాగకుండా వారి అంకెల్లోకి తాము వెళ్లడం చిన్న విషయమే కావచ్చు గాని, ఆయన నొప్పి దాచకుండా చెప్పడం మొదలుపెట్టింది దానివల్లే.

మాస్కులు మాకు కొత్త చిక్కు తెచ్చాయి. షిప్‌యార్డు రొదలో నాన్నగారి చెవులు ఎప్పుడో మందగించాయి. ఎదుటివారి పెదవుల కదలిక చూసి సగం అర్థం చేసుకునేవారు. మాస్కుతో అది పోయింది. పీపీఈ తొడుక్కుని వచ్చిన మనిషిని చూసి మొదట బెదిరిపోయారు కూడా. తరువాత సిస్టర్ తన ఫోటో పెద్దదిగా తీయించి గౌను మీద తగిలించుకుని వచ్చేవారు, మాట్లాడవలసినది పలక మీద పెద్ద అక్షరాలతో రాసేవారు. వీధి వాకిట్లో చెప్పులు, బ్యాగు వదిలి, పెరటి వైపు నుంచి నేరుగా ఆయన గదిలోకి వచ్చే ఏర్పాటు చేసుకున్నాము. రాకల సంఖ్య తగ్గించి, ప్రతి రాకలో ఇంట్లోవారికి ఒక పని నేర్పి వెళ్లడం వారి పద్ధతి. యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందనే ఉండాలని, రెండు గంటలకొకసారి పక్క మార్చాలని, దుప్పటి కింద చెయ్యి పెట్టి ఎలా తిప్పాలో, నోరు తడి గుడ్డతో ఎలా శుభ్రం చేయాలో నేర్పింది వారే. బయటివారు ఇంట్లోకి రావడమే ప్రమాదమైన రోజుల్లో, ఇంట్లోవారి చేతికి పని రావడమే అన్నింటికంటే గట్టి రక్షణ అయింది.

ప్రైవేటు సంస్థ గురించి నా అభిప్రాయం అంత మంచిది కాదు. వారు "శిక్షణ పొందిన" అటెండెంటు అని రాసిచ్చి పంపిన అమ్మాయి పార్వతీపురం వైపు నుంచి వచ్చింది. మంచి మనిషి, ఓపిక గలది, కానీ ఆమెకు పక్క మార్చడం కూడా మా సిస్టరే నేర్పారు. నెలకు పాతికవేలకు పైగా మేము కడితే ఆమె చేతికి వెళ్లేది అందులో సగానికి కాస్త పైన అని తరువాత తెలిసింది. మొదటి లాక్‌డౌన్ సడలిన తరువాత ఆమె ఊరికి వెళ్లివస్తానంటే సంస్థ వంతులవారీగా కొత్త ముఖాలను పంపసాగింది. ఒక్కొక్కరు వచ్చినప్పుడల్లా పరీక్ష చేయించారా అని మేమే అడగాలి, మేమే చేయించాలి. ఇంట్లో పెద్దవయసు రోగి ఉన్నప్పుడు, మనుషులను మార్చడం ఎంత ప్రమాదమో సంస్థకు తెలియదని అనుకోను. వారికది లెక్కలోకి రాలేదు. చివరకు మొదటి అమ్మాయినే రమ్మని, ఆమె జీతం పెంచి, సంస్థతో ఒప్పందం గడువు ముగిశాక మానుకున్నాము. పగలూ రాత్రీ మనిషి కావలసిన ఇళ్లకు ఇటువంటి సంస్థ తప్పదు, కానీ ఒకే మనిషిని కనీసం మూడు నెలలు ఉంచుతామని రాతలో తీసుకోకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

2021 ఏప్రిల్ చివరలో కోవిడ్ మా ఇంట్లోకే వచ్చింది. నాన్నగారు అంతకు ముందే, బాగా ఉన్న రోజున, గొట్టాలు వేయించవద్దని, ఆసుపత్రికి తీసుకువెళ్లవద్దని, ఆయాసం మాత్రం చూడమని చెప్పి ఉన్నారు. ఇటువంటి ముందస్తు కోరికను సుప్రీంకోర్టు 2018 మార్చి 9 తీర్పులో గుర్తించింది గాని, దానికి పెట్టిన విధానం మేజిస్ట్రేటు దాకా వెళ్లేది. ఆ మెలికను 2023 జనవరిలో సడలించారు. మా కాలంలో డాక్టరుగారు ఆయన మాటలను కేసుషీటులో రాసి, నాన్నగారి చేత, మా చేత సంతకాలు పెట్టించి, ఒక ప్రతిని మంచం పక్క కవరులో ఉంచమన్నారు. చట్టం ముందు దాని బలమెంతో గాని, అర్ధరాత్రి అన్నదమ్ములు ఫోనులో వాదించుకుంటున్నప్పుడు ఆ కాగితం బాగా పనిచేసింది.

ఆ వారాల్లో ఊరంతా ఆక్సిజన్ కోసం వెతుకులాటే. ఏప్రిల్ 22న మన స్టీల్‌ప్లాంటు నుంచే ద్రవ ఆక్సిజన్ నింపుకుని మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయలుదేరింది. అదే ఊళ్లో అయిదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ అద్దెకు దొరకలేదు. ఆయాసం కోసం మేము అంతకు ముందే తెచ్చి పెట్టుకుని ఉండటం అదృష్టం. మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండు తరువాత కర్ఫ్యూ. సిస్టర్ ఉదయం, సాయంత్రం ఫోను చేసి ఆక్సిమీటరు అంకె, ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నారో, ఏమి తిన్నారో అడిగేవారు. తలవైపు ఎత్తు పెట్టడం, ముఖానికి ఫ్యాను గాలి తగలనివ్వడం, డాక్టరుగారు చెప్పిన కొద్దిపాటి మార్ఫిన్ ఇవ్వడం వల్ల ఆయాసం దిగింది. మార్ఫిన్ నొప్పికే కాదు, ఊపిరాడని బాధకు కూడా వాడతారని మాకు అప్పటిదాకా తెలియదు. నాన్నగారు కోలుకున్నారు. ఆయనకు కుదరదనుకున్న టీకా, మంచం పట్టినవారికి ఇంటికే వచ్చి వేయాలని ఆ సెప్టెంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చాక, వార్డు సిబ్బంది వచ్చి వేసి వెళ్లారు.

పరికరాల విషయం. కాన్సన్‌ట్రేటర్ వెనుక స్పాంజి ఫిల్టరును వారానికొకసారి కడగమని పుస్తకంలో ఉంటుంది. పోర్టు బొగ్గు ధూళి తగిలే జ్ఞానాపురంలో మూడు రోజులకే నల్లబడుతుంది. నీటి సీసాలో డిస్టిల్డ్ వాటరే పోయాలి. ఎయిర్ బెడ్ మంచిదే, కానీ అది ఉందని పక్క మార్చడం మానితే పుండు తప్పదు. మన సముద్రపు ఉక్కకు ప్లాస్టిక్ డైపరు కింద చర్మం మెత్తబడుతుంది, అందుకే పగటిపూట పాత నూలు పంచెలే వాడాము. కరెంటు అసలు పరీక్ష. 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటిన రాత్రి మా వీధిలో నీళ్లు నిలిచి, కరెంటు పోయి, మరునాడు చాలాసేపటి వరకు రాలేదు. మామూలు ఇన్వర్టరు మీద కాన్సన్‌ట్రేటర్‌ను రెండు మూడు గంటలకు మించి నమ్మకూడదు. 1,500 లీటర్ల చిన్న బి-టైపు సిలిండరు నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. మమ్మల్ని గట్టెక్కించింది అదే. అద్దె దుకాణం వారు సిలిండరుకు రెగ్యులేటరు, స్పానరు విడిగా అడిగితేనే ఇస్తారు, అడగండి.

లోపాలు చెప్పకపోతే ఇది సమీక్ష కాదు. ఉపశమన బృందం రాత్రిళ్లు ఇంటికి రాదు, ఫోను మాత్రమే. డాక్టరుగారి రాక నెలకొకసారి అయితే గొప్ప. నగరం దాటి భీమిలి వైపు, అనకాపల్లి వైపు వారు వెళ్లలేకపోయేవారు, మా పెద్దమ్మగారికి అందుకే అందలేదు. సిస్టర్‌కే కోవిడ్ వచ్చిన రోజుల్లో ఆమె స్థానంలో ఫోను ఎత్తినవారికి మా కేసు తెలియదు. ఆరోగ్య బీమా ఇంటి ఖర్చులో దేనికీ రూపాయి ఇవ్వలేదు. కుటుంబానికి వారం రోజులు ఊపిరి తీసుకునేలా రోగిని చేర్చుకునే పడకలు కూడా ఆ రోజుల్లో మాకు దొరకలేదు; అమ్మ నడుము పోయింది ఆ కాలంలోనే.

నాన్నగారు 2022 ఫిబ్రవరిలో ఇంట్లోనే, నొప్పి రెండణాలు దాటని స్థితిలో పోయారు. గొంతులో గురగుర వచ్చినప్పుడు అది ఆయనకు బాధ కాదని, ఒక పక్కకు తిప్పి ఉంచమని సిస్టర్ ముందే చెప్పి ఉండటం వల్ల ఎవరూ 108కు ఫోను చేయలేదు. మిగిలిన మార్ఫిన్ మాత్రలను ఆమె లెక్కపెట్టి, సంతకం తీసుకుని వెనక్కి తీసుకువెళ్లారు.

కొత్తగా ఇటువంటి సేవలో చేరేవారు మూడు సంగతులు తప్పక అడగాలి. మార్ఫిన్ వారి దగ్గరే ఉంటుందా, మరెక్కడికైనా పంపుతారా? రాత్రి రెండింటికి ఫోను ఎత్తేది రోగి సంగతి తెలిసినవారేనా? ఇంట్లో మరణం జరిగితే డాక్టరుగారు మరణ కారణాన్ని 4-ఎ ఫారంలో రాసిస్తారా? ఆఖరి జబ్బులో చూసిన వైద్యుడు దాన్ని ఫీజు లేకుండా ఇవ్వాలని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం చెబుతోంది. 21 రోజుల్లోగా నమోదుకు, అంతకు ముందే శ్మశానంలో కోవిడ్ కాదని నమ్మించడానికి కూడా మాకు ఆ కాగితమే అక్కరకు వచ్చింది. మూడవ ప్రశ్నకు "అప్పుడు చూద్దాంలెండి" అనే జవాబు వస్తే మరొక బృందాన్ని వెతుక్కోండి.