ఒక్కడినే మొద్దులు ఎక్కించడం: చైన్ పుల్లీ, రెండు మోకులతో ఏడేళ్ల అనుభవం

మాది నర్సంపేట దగ్గర ఊరు. 2018లో బోరు మోటారు పైకి తీయడానికని వరంగల్ స్టేషన్ రోడ్డులో ఒక టన్ను బరువెత్తే చైన్ పుల్లీ కొన్నాను. మూడు కాళ్ల స్టాండు ఊళ్లోనే వెల్డింగ్ షాపులో చేయించాను. మరుసటి ఏడాది రోహిణి కార్తెలో వచ్చిన గాలిదుమారానికి గట్టు మీది వేప కూలింది. కూలీలంతా పత్తి గింజలు పెట్టే పనిలో ఉన్నారు, కొడుకు హైదరాబాద్‌లో. మొద్దులు చేన్లో అడ్డం పడి ఉంటే దున్నేదెట్లా? అట్లా మొదలైంది ఈ పని. పడిపోయిన చెట్లే తెస్తాను. నిలబడ్డ చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి తీసుకోవాలి.

ముందు బరువు సంగతి. కోత మిషన్ దగ్గర చుట్టుకొలతను 4తో భాగించి, వచ్చినదాన్ని దాంతోనే హెచ్చించి, మళ్లీ పొడవుతో హెచ్చిస్తారు. 5 అడుగుల చుట్టు, 6 అడుగుల పొడవున్న మొద్దుకు అలా 9.4 సీఎఫ్టీ (ఘనపుటడుగులు) వస్తుంది. నిజానికి అందులో కర్ర దాదాపు 12 సీఎఫ్టీ ఉంటుంది. పచ్చి వేప అయితే 3 క్వింటాళ్ల దాకా తూగుతుంది. అమ్మకానికి మిషన్ లెక్క సరే, ఎత్తేటప్పుడు మాత్రం ఆ లెక్కను నమ్మొద్దు.

చైన్ పుల్లీతో మొద్దును మొత్తంగా గాల్లోకి లేపి ట్రాలీలో పెట్టొచ్చని మొదట్లో అనుకున్నాను. ట్రాలీ పట్టేంత వెడల్పుగా కాళ్లు చాపితే స్టాండు ఎత్తు తగ్గిపోతుంది. తడిసిన నల్లరేగడిలో కాళ్లు దిగబడతాయి కూడా. ఇప్పుడు మొద్దు ఒక కొన లేపి కింద పైపు ముక్కలు దూర్చడానికి, గుంతలో ఇరుక్కున్నదాన్ని పైకి తీయడానికే వాడతాను. ఆ పనిలో దానికి సాటి లేదు. చైన్ లాగుతుంటే లోపల టక్ టక్ అని చప్పుడు వస్తుంది. చెయ్యి వదిలినా బరువు అక్కడే ఆగుతుంది.

ఒక్కసారి మాత్రం ఆగలేదు. తుప్పు పట్టకూడదని మూత విప్పి లోపలంతా గ్రీజు పట్టించాను. మరుసటి రోజు మొద్దు కొన లేపి చైన్ వదిలితే, అది వేలెడంత, మళ్లీ వేలెడంత కిందికి జారుతోంది. పైపు దూర్చడానికి చెయ్యి అప్పటికే మొద్దు కిందికి పోయింది. వెంటనే లాక్కున్నాను. లోపలి బ్రేకు బిళ్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటేనే బరువు ఆగుతుంది. అక్కడ జిడ్డు తగిలితే బ్రేకు పట్టదు. చైన్‌కు పలుచగా నూనె రాయండి, బ్రేకు జోలికి పోవద్దు. ఆ రోజు నుంచి, లేపిన మొద్దు కింద ముందుగా కట్టె దిమ్మ పెట్టనిదే చెయ్యి పెట్టను. మొద్దుకు చైన్ చుట్టి, చైన్ కొక్కెం ఆ చైన్‌కే తగిలించడం కూడా తప్పే, చైన్ పాడవుతుంది. దానికి వేరే బెల్టు ఉండాలి.

ట్రాలీలోకి ఎక్కించే పనికి నేను పూర్తి మార్కులు వేసేది మోకులకే. 12 అడుగుల నీలగిరి వాసాలు రెండు ట్రాలీ అంచుకు ఏటవాలుగా ఆనించి కట్టేస్తాను. రెండు మోకుల కొనలు ట్రాలీ అంచుకే కట్టి, మొద్దు కింది నుంచి పోనిచ్చి, పైనుంచి వెనక్కి తెచ్చి ట్రాలీ అవతలి పక్క నిలబడి లాగుతాను. మొద్దు దొర్లుకుంటూ వాసాల మీద ఎక్కుతుంది. ట్రాలీ 3 అడుగుల ఎత్తుంటే 3 క్వింటాళ్ల మొద్దుకు వాలు మీద 75 కిలోల బలం కావాలి. మోకు చుట్టి రావడం వల్ల అందులో సగమే చేతుల మీద పడుతుంది. రాపిడికి ఇంకొంచెం కలుపుకోండి. మొదటిసారి చూసిన పక్క చేను తమ్ముడు, "అన్నా, ఒక్కనివే ఎట్లెక్కిచ్చినవే?" అని అడిగి, తన మొద్దులకూ మోకులు తీసుకుపోయాడు.

మొద్దు మొదలు లావు కాబట్టి ముందుకు ఉరుకుతుంది, కొన వెనకబడుతుంది. అప్పుడు కొన వైపు మోకు ఎక్కువ లాగాలి. లేకపోతే మొద్దు అడ్డం తిరిగి వాసం మీంచి పడుతుంది. ప్రతి అడుగుకూ ఆగి, మోకులు రెండూ ట్రాలీ కొక్కాలకు బిగించి, పక్కనుంచి వచ్చి మొద్దు వెనక వాసాల మీద చెక్క ఆపులు పెడతాను. మొద్దుకు దిగువన మాత్రం ఎప్పుడూ నిలబడను. ట్రాలీ చక్రాలకు ముందూ వెనకా రాళ్లు తప్పనిసరి.

నైలాన్ మోకు సాగుతుంది. సాగి తెగితే కొరడాలా కొడుతుంది. నాలుగేళ్ల మోకు ఎండకు పైన నూగులా లేచింది, చేత్తో రుద్దితే పొడి రాలింది. తీసి పశువుల పాకకు కట్టాను. పుల్లీ మాత్రం ఏడేళ్లయినా బాగానే ఉంది. కొక్కెం నాలుక స్ప్రింగు ఒకటి పోయింది, మార్పించాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు మోకులు, వాసాలు, మంచి గడ్డపార కొనండి. గుంతల్లో మొద్దులు ఇరుక్కుపోతుంటేనే పుల్లీకి పోండి. 4 క్వింటాళ్లు దాటిన మొద్దు అయితే నేను కూడా ఒక్కడినే ముట్టుకోను, రంపం మిషన్‌తో రెండు ముక్కలు చేస్తాను.