తాటాకులో పలికే ససాండో: కుపాంగ్, రోటే యాత్ర

బాలి నుంచి తిరిగి వచ్చేయకుండా ఇంకో 4 రోజులు కలుపుకుని తిమోర్ దీవిలోని కుపాంగ్‌కి వెళ్ళాం. కారణం ఒక్కటే, ససాండో. ఇండోనేషియా వాళ్ళు 1992లో 5,000 రుపయా నోటు మీద అచ్చేసిన వాద్యం అది.

కుపాంగ్‌లో దిగిన హోటల్ గది శుభ్రంగానే ఉంది. సాయంత్రం లాబీలో ససాండో కచేరీ ఉందంటే ఆశగా కూర్చున్నాం. స్పీకర్ల హోరులో, ప్లేట్ల చప్పుడులో తీగ నాదమే వినపడలేదు. కచేరీ కోసమని మాత్రం అలాంటి హోటల్ తీసుకోకండి.

మర్నాడు కారు మాట్లాడుకుని ఓబెలో ఊరు వెళ్ళాం. సుమారు 20 కిలోమీటర్లు. రోడ్డు పక్కనే ససాండో తయారుచేసే ఇల్లు. మధ్యలో నిలువుగా వెదురు బొంగు, దాని చుట్టూ తీగలు, ఒక్కో తీగ కింద శ్రుతి కోసం చిన్న చెక్క ముక్క. వెనక గిన్నెలా వంచి కట్టిన తాటాకు. దాన్ని హాయిక్ అంటారు. నాదాన్ని పట్టి ముందుకు పంపేది అదే. మన తాటిచెట్టే అక్కడ లోంతార్. హాయిక్‌ని చూడగానే మా ఊళ్ళో కల్లు తాగే తాటాకు రేక గుర్తొచ్చింది. రోటే దీవిలో నీళ్ళు తోడుకునే తాటాకు బుట్టనీ హాయిక్ అనే అంటారట!

అక్కడి పెద్దాయన తలమీద కొమ్ములా నిక్కిన తాటాకు టోపీ, తీఈలంగా, పెట్టుకుని వాయించారు. రెండు చేతులూ ఇరువైపుల నుంచి తీగల మీదకి వస్తాయి. ఒక చేయి పాట నడుపుతుంటే రెండోది తోడు స్వరాలు వేస్తుంది. మైకు లేదు. వీణకంటే పలచన, వాన చినుకుల్లాంటి నాదం. మా అమ్మాయి వేళ్ళు పట్టుకుని ఆయనే రెండు స్వరాలు పలికించారు. టికెట్ అడగలేదు. మేమే ఒక చిన్న ససాండో కొన్నాం.

ససాండో పుట్టిల్లు రోటే దీవి. కుపాంగ్‌లోని తెనావు రేవు నుంచి రోటేలోని బాఆ ఊరికి స్పీడు బోటులో సుమారు 2 గంటలు. అలలు ఎక్కువని మా బోటు రద్దయింది, ఆ సంగతి రేవుకి వెళ్ళాకే తెలిసింది. ఒక రోజు పోయింది, తిరుగు విమానం అందుతుందా అని ఒకటే టెన్షన్. వానాకాలమైతే, అంటే జనవరి, ఫిబ్రవరిల్లో, ఒక రోజు అదనంగా పెట్టుకోండి.

చివరికి రోటే చేరాం. అక్కడ నెంబరాలా ఊళ్ళో హోంస్టే బాగుంది. శాకాహారులమని ముందే చెబితే అన్నం, కూరలు వండిపెట్టారు. రాత్రి ఆ ఇంటాయన తక్కువ తీగలుండే పాత రకం, ససాండో గోంగ్, తీసి వరండాలో వాయించారు. అయిదు స్వరాలే. పక్కింటివాళ్ళు వచ్చి గొంతు కలిపారు.