'ఏటి' అందామా, 'ఏమిటి' అందామా?

ఉద్యోగంలో మన ఉత్తరాంధ్ర యాస ('ఏటి') మాట్లాడాలా, పుస్తకాల తెలుగు ('ఏమిటి') మాట్లాడాలా అని విశాఖలో ఉద్యోగాలకి తయారయ్యే పిల్లలు తరచూ అడిగే మాట ఇది.

శ్రమ: 'ఎల్లిపోనాడు' దానంతటదే నోట్లోకి వస్తుంది. 'వెళ్లిపోయాడు' అనడానికి మొదట్లో ఆలోచించాలి. ఆ టెన్షన్‌లో అసలు విషయమే మర్చిపోతాం.

ఖర్చు: రెండింటికీ పైసా అక్కర్లేదు.

రిస్క్: యాస వింటే చదువు లేదనుకునేవాళ్లున్నారు. అది అన్యాయం. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది శ్రీకాకుళం దగ్గరే. ఇటు విశాఖ పూర్ణా మార్కెట్‌లో పుస్తకాల తెలుగు మాట్లాడితే పరాయివాళ్లలా చూస్తారు.

నాకు యాసే ఇష్టం. 'ఏటే గుంటా, తిన్నావేటి?' అని అమ్మమ్మ అడిగితే సగం ఆకలి తీరిపోయేది.

వార్తలు చదవడానికి, రాష్ట్రమంతా ఫోన్లు చేసే కాల్ సెంటర్‌కి 'ఏమిటి'. బేరానికి, ఊళ్లో సర్వేకి, భయపడే పేషెంట్‌తో మాట్లాడటానికి 'ఏటి'.