మిర్చి కోల్డ్ స్టోరేజిలో అడ్రసబుల్ ఫైర్ ప్యానెల్: కొన్నేళ్లు వాడాక

గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజిలో మెయింటెనెన్స్ చూస్తాను. మాది రెండు లూపుల అడ్రసబుల్ ఫైర్ అలారం ప్యానెల్. అంటే అగ్నిప్రమాదాన్ని పసిగట్టే ప్రతి డిటెక్టర్‌కీ సొంత నంబరు (అడ్రస్) ఉంటుంది. ప్యానెల్ నుంచి బయలుదేరి డిటెక్టర్లను కలుపుకుంటూ మళ్లీ ప్యానెల్‌కే వచ్చే కేబుల్‌ని లూప్ అంటారు. మళ్లీ కొనాల్సి వచ్చినా ఈ రకమే కొంటాను. ఇన్నేళ్లలో మమ్మల్ని ఏడిపించింది లూప్ వైరింగే.

పాత కన్వెన్షనల్ ప్యానెల్ ఏ జోన్‌లో గొడవో చెప్పి ఊరుకునేది. ఇది డిటెక్టర్ నంబరుతో సహా చెబుతుంది. అయితే డిస్‌ప్లేలో "నో రెస్పాన్స్" అని కనిపించగానే ఆ డిటెక్టర్ పోయిందనుకోవద్దు. ప్యానెల్ పిలిచింది, జవాబు రాలేదు, అంతవరకే దానికి తెలుసు. చాలామంది టెక్నీషియన్లు అక్కడే కొత్త డిటెక్టర్‌కి కొటేషన్ రాసేస్తారు. అడ్రస్ డిటెక్టర్‌లోనే సెట్ చేసే రకమైతే దాన్ని ఊడదీసి, బాగా పనిచేస్తున్న పక్క బేస్‌లో (డిటెక్టర్‌ని బిగించే అడుగు భాగం) పెట్టి చూడండి. అక్కడ పలికితే లోపం పాత బేస్‌లోనో వైరులోనో ఉన్నట్టే. కొత్తది పెట్టాక గొడవ మొదలైతే, ఒకే అడ్రస్ రెండింటికి ఇచ్చారేమో ముందు చూడాలి.

మా అసలు శత్రువు తేమ. సీజన్‌లో టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతున్నంతసేపూ చాంబర్ తలుపులు తెరిచే ఉంటాయి. బయటి వేడిగాలి చల్లటి గోడలకు తగిలి నీరవుతుంది. అది కండ్యూట్‌లోంచి (వైరు పోయే గొట్టం) జారి బేస్‌లోకి చేరితే కాంటాక్టులకు పచ్చటి చిలుము పడుతుంది. అప్పుడు ఫాల్ట్ వస్తుంది, కాసేపటికి తనే పోతుంది, మనిషి వచ్చేసరికి అంతా నార్మల్. ఇక్కడ ఈవెంట్ లాగ్ మాకు చాలా ఉపయోగపడింది. ఫాల్ట్ వచ్చిన టైములూ సరుకు దిగిన టైములూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి సరిపోయాయి. జంక్షన్ బాక్సులను చల్లటి గోడ మీది నుంచి తీసి, కండ్యూట్ మూతులు సీల్ చేయించాక ఆ బాధ తగ్గింది.

ఇంకొకటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. లూప్ ఒకచోట తెగినా ప్యానెల్ రెండు చివర్ల నుంచీ సరఫరా ఇస్తుంది కాబట్టి అన్ని డిటెక్టర్లూ పనిచేస్తూనే ఉంటాయి. "ఓపెన్ లూప్" అని చూపిస్తున్నా బజర్ నొక్కేసి వదిలేస్తారు. రెండోచోట తెగిన రోజున మధ్యలో ఉన్నవన్నీ మూగబోతాయి. వేల టిక్కీల రైతుల సరుకు ఉన్న చోట అది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. రెండు ఐసోలేటర్ల (షార్ట్ అయిన ముక్కను మిగతా లూప్ నుంచి విడదీసే పరికరాలు) మధ్య డిటెక్టర్లు వరసగా మాయమైతే మాత్రం ఆ ముక్కలో షార్ట్ వెతకాలి.

తెగినచోటు వెతకడానికి ప్యానెల్ ఆపి, లూప్ రెండు చివర్లూ విప్పి మల్టీమీటర్‌తో చూస్తాం. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకు సుమారు 12 ఓమ్‌లు చూపాలి, అంతకన్నా బాగా ఎక్కువుంటే ఎక్కడో జాయింట్ వదులైనట్టు. ఐసోలేటర్లున్న లూపులో ఈ రీడింగ్ నమ్మడానికి లేదు, వాటి మధ్య ముక్కలను విడివిడిగా కొలవాలి. మెగ్గర్ (ఎక్కువ వోల్టేజితో వైరు ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టాలంటే డిటెక్టర్లు, మాడ్యూళ్లు అన్నీ విప్పాల్సిందే, లేకపోతే కాలిపోతాయి. ఎర్త్ ఫాల్ట్ (వైరు ఎక్కడో ఎర్త్‌కి తగలడం) చూపిస్తే ట్రే అంచుల్లో కేబుల్ తోలు ఒరుసుకుపోయిందేమో చూడండి. కేబుల్ షీల్డ్‌ను (వైర్ల చుట్టూ ఉండే లోహపు పొర) ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి.

ప్యానెల్‌లో నాకు నచ్చనిది, డిస్‌ప్లే అంతా ఇంగ్లీషులో ఉండటం. రాత్రి వాచ్‌మన్‌కి ఆ నంబరు ఏ చాంబర్‌దో తెలియదు. అందుకే అడ్రసుల పట్టిక తెలుగులో రాసి ప్యానెల్ పక్కన అతికించాం. కొత్తగా పెట్టించుకునేవాళ్లు కేబుల్ ఏ దారిన పోయిందో చూపే డ్రాయింగ్ చేతికి వచ్చాకే ఆఖరి బిల్లు కట్టండి.