మెమ్‌బ్లాక్‌తో ఆరేళ్లు: అడిగింది ఇస్తుంది, చెప్పనిది తెలుసుకోదు

ఆర్మ్64 (64-బిట్ ఆర్మ్ ప్రాసెసర్) బోర్డులకు లినక్స్ కెర్నెల్‌ను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగాన్ని, సిద్ధం చేసే పనిలో ఆరేళ్లుగా మెమ్‌బ్లాక్‌ను వాడుతున్నాను. కెర్నెల్ మామూలుగా మెమరీని పంచే బడ్డీ అలొకేటర్ (పేజీలను ఇచ్చేది), స్లాబ్ (చిన్న ముక్కలను ఇచ్చేది) రెండూ సిద్ధం కాని బూట్ తొలి ఘట్టంలో మెమరీని కేటాయించేది ఇదే. పాత బూట్‌మెమ్‌ను 2018లో 4.20 వెర్షన్‌తో తొలగించాక ఆ పనికి ఇదొక్కటే మిగిలింది.

దీని కట్టడం సరళమైనది. ఉన్న మెమరీకి ఒక జాబితా, ఇప్పటికే వాడుకలో ఉన్నదానికి మరొకటి. మొదటిదానిలో ఉండి రెండోదానిలో లేనిదంతా ఖాళీ కిందే లెక్క. చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది.

ఒక బోర్డులో సహాయక ప్రాసెసర్ ఫర్మ్‌వేర్ వాడుకునే 2 ఎంబీ చోటును డివైస్ ట్రీలోని (హార్డ్‌వేర్ వివరాలను కెర్నెల్‌కు చెప్పే పట్టిక) రిజర్వ్‌డ్ మెమరీ నోడ్‌లో రాయడం నేనే మరిచాను. మెమ్‌బ్లాక్ మామూలుగా పై చిరునామాల నుంచి కిందికి వెతుకుతుంది కనుక, ర్యామ్ చివరన ఉన్న ఆ చోటునే అందరికన్నా ముందు అడిగిన పేజీ టేబుళ్లకు (చిరునామాలను అసలు మెమరీకి జోడించే పట్టికలు) ఇచ్చేసింది. బూట్ సజావుగా ముగిసేది. గంటకో రెండు రోజులకో కెర్నెల్ కుప్పకూలేది, అదీ ప్రతిసారీ వేరే డ్రైవర్‌లో. మూడు వారాలు డ్రైవర్లనే అనుమానించాను. చివరకు కమాండ్ లైన్‌లో మెమ్‌బ్లాక్ డీబగ్‌ను ఆన్ చేస్తే, ఏ ఫంక్షన్ ఏ చిరునామాలను తీసుకుందో సీరియల్ కన్సోల్‌పై వరుసగా వచ్చింది. దాన్ని ఫర్మ్‌వేర్ మ్యాప్ పక్కన పెట్టి చూడటానికి పది నిమిషాలు చాలింది. ఆ చోటును కెర్నెల్ తన చిరునామాల్లో చేర్చుకోకుండా నో-మ్యాప్ గుర్తు కూడా పెట్టాను, కెర్నెల్ పొరపాటున తాకితే అక్కడికక్కడే ఫాల్ట్ రావాలని.

నాకు నచ్చనిది దీని మౌనం. ఒకే చోటును ఇద్దరు రిజర్వ్ చేసినా ఒక్క హెచ్చరికైనా లేకుండా రెంటినీ కలిపేస్తుంది. ఇనిట్‌ఆర్‌డీ (బూట్‌లో వాడే తాత్కాలిక ఫైల్ సిస్టమ్) మీద డివైస్ ట్రీ పడినా బయటపడేది ఆ తర్వాతే. అందుకే కెర్నెల్ ఇమేజ్, ఇనిట్‌ఆర్‌డీ, డివైస్ ట్రీ, ఫర్మ్‌వేర్ చోట్లు అన్నీ రిజర్వ్ అయ్యేదాకా మొదటి కేటాయింపును అడగకుండా కోడ్ క్రమాన్ని అమర్చుకుంటాను.

స్లాబ్ నుంచి మెమరీ అడిగే కేమాలాక్‌ను, అది సిద్ధం కాకముందే తొందరపడి పిలవడం కొత్తవారు చేసే తప్పు, అది వెంటనే దొరికిపోతుంది. దానికన్నా ఆలస్యంగా విడుదల చేయడం మోసకరమైనది: నేను వాడిన వెర్షన్లలో, పేజీలను బడ్డీకి అప్పగించాక మెమ్‌బ్లాక్ ఫ్రీని పిలిస్తే జాబితాలో పద్దు చెరిగేది గానీ పేజీ వాడకానికి తిరిగి వచ్చేది కాదు.